హిట్టు సరే, ఎవరికి?

ఇదివరకు సినిమా చూసి వచ్చినవాళ్ళని "ఎలా ఉంది?" అని అడిగేవాళ్ళం. ఇప్పుడు "ఎంత కొట్టింది?" అని అడుగుతున్నాం. అదీ సినిమా చూడకముందే. మా ఇంట్లో అయితే శుక్రవారం పొద్దున కాఫీ గ్లాసులు సింకులోకి చేరకముందే మా పెద్దాడి ఫోనులో అంకెలు మొదలవుతాయి. మొదటి రోజు ఇన్ని కోట్లు, అమెరికాలో ప్రీమియర్లకే ఇన్ని లక్షల డాలర్లు అంటూ. మా మరిది ఇంకో హీరో అభిమాని. అదే సినిమాకి ఆయన ఫోనులో వేరే అంకెలుంటాయి. ఒకరు బ్లాక్‌బస్టర్ అంటే ఇంకొకరు డిజాస్టర్ అంటారు. ఇద్దరి వాదనలో పప్పు గిన్నె చల్లారిపోతుంది.

మధ్యలో నేనేదైనా అంటే "నీకు తెలీదమ్మా, ఇదంతా ట్రేడు" అంటాడు వాడు. నెలకింత అని చేతిలో పెడితే పాలు, కూరలు, స్కూలు ఫీజు, చీటీ, పండగ, పెళ్ళి చదివింపులు అన్నీ అందులోనే సర్దే మనకి తెలియని ట్రేడు ఏముంటుందండీ? పెద్ద సినిమా ఆడిందా లేదా అన్న లెక్క కూడా ఇంటి లెక్క లాంటిదే. వచ్చిందెంత అని ఒక్కటే అడిగితే ఏమీ తేలదు. ఖర్చెంత, చేతికొచ్చిందెంత, అప్పు ఎవరి నెత్తిన ఉంది అని కూడా అడగాలి.

ముందు ఆ పోస్టరు మీద అంకె సంగతి చూద్దాం. దాన్ని గ్రాస్ అంటారు. మొన్నామధ్య మేం నలుగురం మల్టీప్లెక్సుకి వెళ్ళాం. టికెట్ 295 రూపాయలు. నలుగురికి 1180. పోస్టరు మీద కోట్లలో మా వంతుగా కలిసే అంకె ఈ 1180. ఇందులో అసలు టికెట్ 250 చొప్పున వెయ్యి రూపాయలే, మిగతా 180 జీఎస్టీ. వంద రూపాయలు దాటిన టికెట్ మీద 18 శాతం పన్ను కదా. ఆ వెయ్యిలో మొదటి వారమైతే సుమారు సగం మల్టీప్లెక్సు వాళ్ళు ఉంచుకుంటారు, వారాలు గడిచేకొద్దీ వాళ్ళ వాటా పెరుగుతుంది. అంటే మా 1180లో సినిమా కొన్నాయన చేతికి వెళ్ళేది ఐదొందల దగ్గర ఆగిపోతుంది. దాన్ని షేర్ అంటారు. పాప్‌కార్న్, పార్కింగ్, ఆన్‌లైన్ బుకింగ్ రుసుము ఇవేవీ ఇందులోకి రావు. వాటికి మేం పెట్టిన డబ్బు టికెట్ల డబ్బుకి దగ్గర దగ్గరగా ఉంది, అది వేరే సంగతి.

జీతం స్లిప్పులో పైన ఒక అంకె, కింద ఒక అంకె ఉంటాయి చూడండి. పై అంకె చూసి పెళ్ళి సంబంధాలు వస్తాయి, కింది అంకెతో బియ్యం వస్తాయి. గ్రాస్ పై అంకె, షేర్ కింది అంకె. ఈ రెండూ చాలవన్నట్టు బొంబాయి వాళ్ళు నెట్ అని ఇంకోటి చెప్తారు. టికెట్ డబ్బులోంచి పన్ను మాత్రం తీసేస్తే మిగిలేది నెట్. మా పెద్దాడు గ్రాస్ చెప్తుంటాడు, మా మరిది షేర్ చెప్తుంటాడు, హిందీ యూట్యూబు వాళ్ళు నెట్ చెప్తుంటారు. ముగ్గురూ ఒకే సినిమా గురించి మాట్లాడుతున్నామనుకుంటారు. ఒకరు కిలోల్లో, ఒకరు లీటర్లలో, ఒకరు డజన్లలో చెప్తుంటే బేరం ఎప్పటికి తెగుతుంది?

ఇక ఆ ఐదొందలు ఎవరి జేబులోకి వెళ్తాయన్నది అసలు ప్రశ్న. సినిమా తీసినాయన జేబులోకే అనుకుంటాం మనం. చాలాసార్లు కాదు. నూజివీడు వైపు మామిడి తోటలు పూత మీదే గుత్తకి ఇచ్చేస్తారని వినే ఉంటారు. చెట్టుకి పిందె కూడా పడకముందే గుత్తదారు పూత చూసి ధర కట్టి డబ్బిచ్చేస్తాడు. తర్వాత కాపు విరగకాస్తే లాభం అతనిది, గాలివానకి రాలిపోతే నష్టమూ అతనిదే. రైతు డబ్బు రైతుకి ముందే అందిపోయింది. పెద్ద సినిమా కూడా అంతే. నైజాం ఒకరికి, సీడెడ్ ఒకరికి, ఉత్తరాంధ్ర ఒకరికి, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, ఓవర్సీస్ ఇలా ఏరియాలవారీగా విడుదలకి ముందే అమ్మేస్తారు. కొందరు తిరిగి రాని అడ్వాన్సు మీద కొంటారు. కొందరు నష్టం వస్తే కొంత వెనక్కి ఇచ్చేలా మాట్లాడుకుంటారు. కొందరు కమిషన్ మీద మాత్రమే ఆడిస్తారు. టీజరు, పాటలు, హీరో పేరు, ఇదంతా పూత. ఆ పూత చూసి కట్టిన ధరని ప్రీ రిలీజ్ బిజినెస్ అంటారు. ఓటీటీ, టీవీ, ఆడియో హక్కుల డబ్బు నిర్మాతకి వేరే.

కాబట్టి సినిమా విడుదలయ్యే పొద్దుటికి నిర్మాత ఒడ్డున పడి ఉండొచ్చు, కొన్నవాళ్ళు మాత్రం నడి నీళ్ళలో ఉండొచ్చు. ఒక్కోసారి తిరగబడుతుంది కూడా. ఎవరూ అనుకున్న ధరకి కొనక నిర్మాతే సొంతంగా విడుదల చేసుకున్నప్పుడు మొత్తం బరువు ఆయన మీదే.

దీనికి మంచి ఉదాహరణ 'సాహో'. 2019 ఆగస్టు 30న వచ్చింది. 'బాహుబలి 2' తర్వాత ప్రభాస్ సినిమా, సుజీత్ దర్శకుడు, ఖర్చు 350 కోట్ల దాకా అని పత్రికలు రాశాయి. పది రోజులకి 400 కోట్లు దాటిందని పోస్టర్లు వేశారు. ఖర్చు 350, వచ్చింది 400, ఇంకేం, లాభమే కదా అనిపిస్తుంది. కానీ 400 గ్రాస్. మన 1180 లెక్కతో చూసుకోండి, అందులో చేతికొచ్చేది ఎంతో. హిందీలో మాత్రం ఆ సినిమా 140 కోట్ల నెట్ దాటింది, అక్కడివాళ్ళు దాన్ని ఆడిన సినిమాగానే లెక్కేశారు. ఇక్కడ, ప్రభాస్ సొంత గడ్డ మీద, బాహుబలి ఊపులో పెద్ద రేట్లు పెట్టి కొన్న చాలామందికి పెట్టింది పూర్తిగా వెనక్కి రాలేదు. సినిమా ఒకటే, రోజూ ఒకటే, తెర మీద బొమ్మా ఒకటే. ముంబైలో హిట్టు, మన దగ్గర ఫట్టు. తేడా సినిమాలో లేదు, కొన్న ధరలో ఉంది.

ఈ మాట నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా బాబాయి వల్ల తెలిసింది.

మా పిన్ని భర్త సికింద్రాబాదులో ఒక థియేటర్లో క్యాంటీనూ, సైకిల్ స్టాండూ లీజుకి తీసుకుని నడిపేవారు. ఆ థియేటర్ ఇప్పుడు లేదు. సెలవులకి వాళ్ళింటికి వెళ్తే మాకు సినిమాలు ఉచితం, ఇంటర్వెల్లో సమోసా కూడా ఉచితం. సినిమా ఆడుతుందో లేదో బాబాయి మొదటి ఆటకే చెప్పేసేవారు, లోపలికి వెళ్ళి చూడకుండానే. ఇంటర్వెల్ అయిపోయిందని గంట కొట్టగానే జనం టీ సగంలో వదిలేసి లోపలికి పరిగెత్తారంటే హిట్టు. గంట కొట్టినా కప్పు పట్టుకుని గోడకానుకుని నింపాదిగా ఊదుకుంటూ తాగుతున్నారంటే ఫట్టు. "ఫ్లాప్ సినిమాకే నా టీలు ఎక్కువ పోతాయమ్మా" అని నవ్వేవారు. రెండో వారంలో సైకిల్ స్టాండులో ఆడవాళ్ళని ఎక్కించుకొచ్చిన స్కూటర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టేవారు. ఫ్యామిలీలు వస్తే యాభై రోజులు ఖాయమని ఆయన నమ్మకం.

అలాంటి మనిషి పాతికేళ్ళ కిందట ముగ్గురు స్నేహితులతో కలిసి ఒక పెద్ద హీరో సినిమా కొన్నారు. నల్గొండ, సూర్యాపేట వైపు కొన్ని సెంటర్లకి మాత్రమే. సినిమా పేరు చెప్పను, అనవసరం. అప్పట్లో పోటీ మీద ఎక్కువ పెట్టి కొనడాన్ని ఫ్యాన్సీ రేటు అనేవాళ్ళు. ఆ ఫ్యాన్సీ రేటులో బాబాయి వంతుకి పిన్ని పెళ్ళినాటి నాలుగు గాజులూ, ఒక గొలుసూ జనరల్ బజారులో తాకట్టు కొట్టుకి వెళ్ళాయి. మూడు వారాల్లో విడిపించేద్దాం అన్నారు. పిన్ని సరే అంది. ఆయన అంచనాలు ఎప్పుడూ తప్పలేదు మరి.

సినిమా పోలేదండీ. అదే విచిత్రం. మొదటి వారం హాళ్ళు నిండాయి. కానీ వాళ్ళు కొన్న ధరకి మూడు వారాలు నిండాలి. రెండో వారంలో పల్చబడింది, మూడో వారానికి థియేటర్ అద్దె కూడా రాని పరిస్థితి. కొన్ని చోట్ల అభిమానుల కోసం ఎదురు డబ్బులిచ్చి ఆడించారు. బాబాయి క్యాంటీన్ నడిపే థియేటర్ ముందే ఒక పొద్దున అర్ధశతదినోత్సవం పోస్టరు అంటించారు, నిలువెత్తు హీరో, మెడలో పూలదండ. ఆయన ఆ పోస్టరు కిందనుంచే లోపలికెళ్ళి సమోసాల పొయ్యి వెలిగించుకున్నారు. ఆ రాత్రి పిన్ని అడిగిన మాట మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది. "హిట్టయిందట కదండీ, మరి నా గాజులేవి?"

అప్పు తీరడానికి నాలుగేళ్ళు పట్టింది, గాజులు మాత్రం తిరిగి రాలేదు. ఇందులో ఎవరూ మోసం చేయలేదు, అది కూడా చెప్పాలి. బాబాయి సంతకం పెట్టిన కాగితంలో ఏముందో అదే జరిగింది. నిర్మాతకి లాభం వచ్చింది. హీరో తర్వాతి సినిమాకి ఎక్కువ తీసుకున్నాడు. ఆ సినిమా ఇప్పటికీ నెలకోసారి టీవీలో వస్తుంది, అభిమానులు ఆ హీరో హిట్ల జాబితాలో రాసుకుంటారు. వాళ్ళది తప్పు కాదు. పిన్ని లెక్కా తప్పు కాదు. టీవీలో వచ్చినప్పుడు పిన్ని ఛానెల్ మార్చదు. "బాగానే ఉంటుంది సినిమా" అంటుంది.

అందుకే ఎవరైనా హిట్టు అనగానే నాకు "ఎవరికి?" అని అడగాలనిపిస్తుంది.

పాత రోజుల్లో ఈ గొడవ కొంచెం తక్కువే, ఎందుకంటే కొలత వేరు. ఎన్ని కోట్లు అనేవాళ్ళు కాదు, ఎన్ని రోజులు, ఎన్ని సెంటర్లు అనేవాళ్ళు. మా నానమ్మ 'లవకుశ'కి పక్క ఊరినుంచి బండి కట్టుకుని వెళ్ళింది. ఆ సినిమాది కూడా ఆ రోజులకి పెద్ద బడ్జెట్టే, పూర్తి నిడివి తొలి తెలుగు రంగుల చిత్రం. డబ్బు చాలక మధ్యలో ఆగిపోయి, ఏళ్ళ తరబడి సాగి, చివరికి 1963లో విడుదలైంది. సి. పుల్లయ్య గారు మొదలుపెడితే ఆయన కొడుకు సి.ఎస్. రావు గారు పూర్తి చేశారు. వచ్చాక జనం నెలల తరబడి చూశారు. 'శంకరాభరణం' 1980 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు మొదట్లో హాళ్ళు ఖాళీగా ఉన్నాయట. ఆ నోటా ఈ నోటా పాకి తర్వాత టికెట్లు దొరకలేదు. ఇప్పటి లెక్కలో అయితే శుక్రవారం సాయంత్రానికే దాన్ని డిజాస్టర్ అని రాసేసి ఉండేవాళ్ళు, సోమవారానికి తీసేసి ఉండేవాళ్ళు.

అలాగని రోజుల లెక్క నిఖార్సయినదని కాదు. 2014లో వచ్చిన 'లెజెండ్' ప్రొద్దుటూరులో వెయ్యి రోజులు ఆడింది. అభిమానుల పట్టుదలకి దండం పెట్టాలి గానీ, ఒక హాల్లో వెయ్యి రోజులు ఆడటానికీ సినిమా వ్యాపారానికీ సంబంధం లేదు. మా బాబాయి చూసిన యాభై రోజుల పోస్టరూ అంతే. కొలబద్ద ఏదైనా దాన్ని సాగదీసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

పెద్ద ఖర్చుతో ఈ తిప్పలు మనకే కాదు. 'లవకుశ' వచ్చిన 1963లోనే హాలీవుడ్‌లో 'క్లియోపాత్రా' వచ్చింది, ఎలిజబెత్ టేలర్‌ది. ఆ ఏడాది అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ వసూలు చేసిన సినిమా అదే. అయినా దానికి పెట్టిన ఖర్చు ఎంతంటే, ఆ వసూళ్ళు కూడా చాలక తీసిన స్టూడియో దివాళా అంచుకి వెళ్ళింది. కొన్నేళ్ళ తర్వాత టీవీ హక్కులు అమ్ముకున్నాకే గట్టెక్కింది. తరగతిలో ఫస్టు వచ్చి ఫెయిలవడం అంటే అదే.

మనకి కోట్ల లెక్క బాగా తలకెక్కింది 'బాహుబలి' తర్వాతే. 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చి వెయ్యి కోట్లు దాటిన తొలి భారతీయ సినిమా అయ్యింది. ఒక్క హిందీలోనే 500 కోట్ల నెట్ దాటింది. అది నిజంగా అందరికీ హిట్టు. తీసినవాళ్ళకి, కొన్నవాళ్ళకి, హాలు వాళ్ళకి, ఆ రోజుల్లో బతికి ఉంటే మా బాబాయి క్యాంటీనుకి కూడా. కానీ ఆ వెయ్యి అన్న అంకె తర్వాతివాళ్ళకి పీటముడి అయ్యింది. వెయ్యి రాకపోతే అవమానం అన్నట్టు తయారైంది. ఇప్పుడు వందల తెరల మీద ఒకేసారి వేసి మూడు రోజుల్లో పిండుకోవడమే కాబట్టి వంద రోజులు అన్న మాటే పోయింది. తమాషా ఏమిటంటే 'ఆర్ఆర్ఆర్' జపాన్‌లో వంద రోజులు ఆడింది. మన దగ్గర పోయిన వంద రోజుల పండగ అక్కడ తేలింది.

ఖర్చు అన్న రెండో అంకె ఎంత ముఖ్యమో 2025 సంక్రాంతి చెప్పింది. జనవరి 10న 'గేమ్ ఛేంజర్' వచ్చింది, శంకర్ దర్శకత్వం, రామ్ చరణ్ హీరో. 2021లో మొదలైన సినిమా. మొదటి రోజే 186 కోట్లని పోస్టరు వేశారు, ట్రేడు వాళ్ళు అంత లేదన్నారు. నాలుగు రోజులకి, 14న, 'సంక్రాంతికి వస్తున్నాం' వచ్చింది. అనిల్ రావిపూడి దర్శకత్వం, వెంకటేశ్ హీరో. రెండిటికీ నిర్మాణం దిల్ రాజు గారి సంస్థే. రెండోదాని ఖర్చు మొదటిదానిలో చిన్న ముక్క. అది 300 కోట్లు దాటిందని ప్రకటించారు, మొదటిది చతికిలబడింది. ఒకే ఇంట్లో ఒకే పండక్కి ఒక బిడ్డ కార్పొరేట్ కాలేజీలో లక్షల ఫీజు కట్టి చదివి, ఇంకో బిడ్డ పక్క వీధి కాలేజీలో చదివి, రెండోవాడు ముందు ఉద్యోగం తెచ్చుకున్నట్టుంది. మూడేళ్ళు పైగా సాగిన సినిమాకి వడ్డీ అని ఇంకో కనపడని ఖర్చు ఉంటుంది. చీటీ పాడుకుని నెలనెలా కట్టేవాళ్ళని అడగండి, వడ్డీకి ఆదివారం సెలవుండదు.

ఇంకో మాట. వసూళ్ళంటే తలలు కాదు, తలల్ని టికెట్ ధరతో గుణిస్తే వచ్చేది. ధర రెట్టింపైతే జనం సగమైనా అంకె అదే ఉంటుంది. ఇప్పటి వంద కోట్లకీ పాతికేళ్ళ కిందటి పది కోట్లకీ ఎంతమంది చూశారో పోల్చి చూస్తే చాలా రికార్డులు తలకిందులవుతాయి. పెద్ద సినిమాకి ప్రభుత్వం నుంచి ధర పెంపు ఉత్తర్వు రాగానే అభిమానులు సంబరపడతారు. ఆ పెంపు కట్టేది ఎవరో కాదు, మా పెద్దాడే, అంటే నా పోపుల డబ్బాయే.

2024 డిసెంబరు 4 రాత్రి 'పుష్ప 2' ప్రీమియర్ టికెట్ మన దగ్గర వెయ్యి రూపాయల పైమాటే. ఆ రాత్రే ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో కుటుంబంతో సినిమాకొచ్చిన ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుకు మన సికింద్రాబాదు ఆసుపత్రిలో నెలల తరబడి ఉన్నాడు. సినిమా 1800 కోట్లు దాటిందని నిర్మాతలు ప్రకటించారు. వ్యాపారం లెక్కలో అది పెద్ద హిట్టే, నేను కాదనను. కానీ ఆ అంకె చదివినప్పుడల్లా నాకు ఆ కుటుంబం గుర్తొస్తుంది. ప్రీమియర్ల రాత్రి మా పిల్లల్ని వెళ్ళనివ్వడం అప్పటినుంచి మానేశాను. మొదటి రోజు అంకె పెంచడానికి నా పిల్లలు అర్ధరాత్రి గుంపులో నిలబడక్కర్లేదు.

అన్నిటికన్నా ఎవరూ లెక్కలోకి తీసుకోనిది హాలు. సికింద్రాబాదు వాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. ప్యారడైజ్ టాకీసు పోయి దాని పేరు బిర్యానీకీ, చౌరస్తాకీ, మెట్రో స్టేషనుకీ మిగిలింది. ఇంగ్లీషు సినిమాలకి ఊరంతా వెళ్ళే సంగీత్ లేదు. మా బాబాయి థియేటర్ లేదు. మాకు తెలిసిన ఒక హాలు ఇప్పుడు ఫంక్షన్ హాలు. మొన్న అక్కడే ఒక పెళ్ళి భోజనం చేశాం, బాల్కనీ ఉండే చోట బఫే పెట్టారు. పెద్ద సినిమా మొదటి వారం హాలువాళ్ళకి ఇచ్చేది అద్దె మాత్రమే. జనం తగ్గాక అప్పుడు వాటా మీదకి మారుస్తారు. నిండినప్పుడు అద్దె, ఖాళీ అయ్యాక భాగస్వామ్యం! 2025 మే నెలలో రెండు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు మాకూ మొదటి రోజునుంచే శాతం ఇవ్వాలి, లేకపోతే జూన్ 1 నుంచి మూసేస్తామన్నది ఇందుకే. ఏడాదికి రెండు మూడు పెద్ద సినిమాలు, మధ్యలో ఖాళీ కుర్చీలు. కరెంటు బిల్లుకి మాత్రం ఖాళీ లేదు. వెయ్యి కోట్ల సినిమాలు పెరుగుతున్నకొద్దీ మన వీధి చివరి హాళ్ళు ఎందుకు తగ్గుతున్నాయో ఎవరైనా ఆలోచిస్తున్నారా అని నాకు అనుమానం.

మరి పెద్ద సినిమా హిట్టా కాదా ఎలా చెప్పాలి? నా మట్టుకి నేను నాలుగు ప్రశ్నలు పెట్టుకున్నాను. ఒకటి, చెప్తున్న అంకె గ్రాసా, నెట్టా, షేరా? రెండు, ఖర్చెంత, అది ఎన్నేళ్ళ వడ్డీతో? మూడు, చివరగా కొన్నవాడు ఎంతకి కొన్నాడు, అతనికి తిరిగొచ్చిందా? నాలుగు, రెండో సోమవారం మ్యాట్నీకి హాల్లో ఎంతమంది ఉన్నారు? మొదటి మూడు రోజులూ హీరోవి. రెండో సోమవారం సినిమాది. ఆ రోజు వచ్చేవాళ్ళు అభిమానులు కాదు, ఎవరో బాగుందంటే విని వచ్చేవాళ్ళు. బాబాయి స్కూటర్ల లెక్క అదే కదా.

ఈ నాలుగిటిలో మూడోదానికి జవాబు పేపర్లో రాదు, పోస్టరు మీద అసలే రాదు. అయినా అడగాలి. పంపకంలో ఆఖరున కూర్చున్నవాడి ఆకులోకి అన్నం వచ్చిందో లేదో చూడకుండా భోజనాలు బాగా జరిగాయని ఏ ఇల్లాలూ అనదు. సినిమాకీ అదే న్యాయం. అందరి డబ్బూ అందరికీ తిరిగొస్తే అది హిట్టు. కొందరికే వస్తే కొందరికే హిట్టు, అంతే. అలా చెప్పడం వల్ల ఏ హీరో గొప్పా తగ్గిపోదు.

పిన్నికి ఇప్పుడు డెబ్బై దాటాయి. చేతులకి రోల్డ్ గోల్డ్ గాజులు, తేలిగ్గా ఉంటాయి అంటుంది. వచ్చే సోమవారం మ్యాట్నీకి వెళ్దామా అని మొన్న ఫోను చేశాను. వస్తానంది. ఏ సినిమా అని అడగలేదు, హీరో ఎవరని అడగలేదు, ఎన్ని కోట్లొచ్చాయనీ అడగలేదు. "టికెట్ ఎంతే?" అని మాత్రం అడిగింది.